రెండో గోల్‌కీపర్

మా చెల్లెలు జాతీయ జట్టులో ఫ్లోర్‌బాల్ ఆడింది. అంటే, జట్టులో ఉంది. ఆడిందా అని మాత్రం అడక్కండి, నాకు ఒళ్ళు మండుతుంది.

చెక్క నేల ఉన్న హాల్లో, ప్లాస్టిక్ కర్రలతో చిల్లుల బంతిని తరిమే ఆట అది. గోల్‌కీపర్‌కి ఆ కర్ర కూడా ఇవ్వరు. మోకాళ్ళ మీద కూర్చుని ఒళ్ళంతా అడ్డం పెట్టాలి. మా చెల్లెలు రెండో గోల్‌కీపర్. మొదటావిడ ఉక్కుపిండం, మహాతల్లికి జలుబైనా చేసేది కాదు. దాంతో మా చెల్లెలు దేశదేశాల బెంచీలు అరగదీసి వచ్చింది. మ్యాచ్ ప్యాంటు మోకాళ్ళకి మెత్తలు నేనే కుట్టాను, దర్జీదాన్ని కదా. ఎన్నేళ్ళైనా అవి నలిగితేనా! "ఏం కుట్టావే, చెక్కు చెదర్లేదు," అని మా ఆయన తెగ మెచ్చుకునేవాడు.

తర్వాత మా చెల్లెల్నే కోచ్‌ని చేశారు. ఇంకెవరూ దొరకలేదు లెండి. ఆమె జట్టులోనూ ఒక రెండో గోల్‌కీపర్ ఉంది. అందరూ పొట్టిది అంటారు. మా చెల్లెలు తన మ్యాచ్ ప్యాంటు ఆ పిల్లకిచ్చేసింది.

ఈసారి పోటీల ప్రయాణం దగ్గరపడగానే సంఘం అధ్యక్షుడు మా చెల్లెలికి కబురు పెట్టాడు. కుట్టిన జెర్సీలు పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను. జట్టుతో అధ్యక్షుడు, ఆయన భార్య, కార్యదర్శి, కార్యదర్శి తోడల్లుడు వెళ్తున్నారు. ఆడేవాళ్ళు కూడా కొందరు వెళ్తున్నారు.

"మా బావమరిదికి సీటు చాల్లేదమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "ఆ రెండో గోల్‌కీపర్ని ఆపేద్దాం. ఎలాగూ బెంచీ మీద కూర్చునేదే కదా, ఎవరు కూర్చుంటే ఏంటి?"

మా చెల్లెలి ముఖంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

"కోచ్ కూడా బెంచీ మీద కూర్చునేదే కదండీ," అంది. "నన్ను ఆపేసి ఆయన్నే కోచ్ అనండి. ఆ పిల్ల మాత్రం వెళ్ళాలి."

అధ్యక్షుడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. బయటికి రాగానే నేను దులిపేశాను. "పిచ్చి గానీ పట్టిందా? ఆఖరికి బెంచీ కూడా దానం చేసొచ్చావా!"

"నాది ఇచ్చానక్కా. దానిది ఇవ్వలేదు," అంది.

మ్యాచ్ నా కొట్లో ఫోన్‌లో చూశాం. బావమరిది కోచ్ కోటు తొడుక్కుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆట మధ్యలో మొదటి గోల్‌కీపర్ కాలు మడత పడింది. ఆయన కంగారుగా కార్యదర్శి వంక చూశాడు. కార్యదర్శి అధ్యక్షుడి వంక చూశాడు. ఈలోగా పొట్టిది ఎవర్నీ అడక్కుండా హెల్మెట్ తగిలించుకుని గోల్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"దిగిందక్కా! దిగింది!" మా చెల్లెలు గుడ్డ కత్తిరింపుల మధ్య తనూ మోకాళ్ళ మీద కూలబడి, చేతులు బార్లా చాపేసింది. కళ్ళు ధారలు. నేనూ ఏడ్చాను, చెప్పుకోడానికి సిగ్గేముంది?

చిత్తుగా ఓడిపోయాం. పొట్టిది కొన్ని ఆపింది, చాలా వదిలేసింది. తిరిగొచ్చాక సంఘం వాళ్ళు సభ పెట్టి, ఆపత్కాలంలో చాకచక్యం చూపిన కోచ్ అంటూ బావమరిదికి దండ వేశారు.

ఆ మర్నాడు పొట్టిది ప్యాంటు పట్టుకుని కొట్టుకొచ్చింది. రెండు మోకాళ్ళూ చిరిగి, మెత్తలు బయటికొచ్చాయి. "కుట్టిపెడతావా పెద్దక్కా?" అంది.

నేను సూదిలోకి దారం ఎక్కిస్తుంటే, మా చెల్లెలు ప్యాంటు ఒళ్ళోకి లాక్కుంది.

"ఉండవే అక్కా, అప్పుడే కుట్టెయ్యకు. కాసేపు చూసుకోనీ."