రెండుసార్లు చనిపోయిన రాహేలమ్మగారు

మా రాహేలమ్మగారు బుధవారం తెల్లవారుజామున ప్రభువు సన్నిధికి చేరారు. కబురు వచ్చేసరికి నేను బడికి బయలుదేరుతూ జడ వేసుకుంటున్నాను. సగం అల్లిన జడతోనే పరుగెత్తాను. చిన్నప్పుడు ఆమె దగ్గర అక్షరాలు దిద్దిన దాన్ని, పెద్దయ్యాక అదే మిషను బడిలో ఆమె పక్క గదిలో పాఠాలు చెప్పిన దాన్ని. కనుక నాలుగు సంతాప వాక్యాలు రాయమన్నారు. రాస్తాను. అయితే దుఃఖంతో మాత్రమే కాదు, కక్షతో కూడా రాస్తున్నాను. ఆమె అన్నగారు పాలకొండ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, చెల్లెలిని కంటికి రెప్పలా చూసుకున్నానని చెప్పుకుంటున్నారు. ఆ అబద్ధం వేళ్ళూనకముందే పీకి పారెయ్యాలి.

ఆమె తొలి పేరు సింహాచలమ్మ. నాగావళి అవతలి గట్టున, కలిగిన రైతుల ఇంట పుట్టారు. పెళ్ళయిన మరుసటి ఏడే భర్త కలరాతో పోయాడు. పుట్టింటికి వస్తే అన్నగారు పశువులశాల పక్కన చోటు చూపించి, పొద్దున్నే ఎవరికీ ఎదురుపడవద్దని శాసించారు. జబ్బుపడి మిషను ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కడి నర్సమ్మ ఒకావిడ, “దేవుడికి అక్కర్లేని మనిషంటూ ఎవురూ లేరమ్మా” అందట. ఆ మాట ఊతగా ఆమె లేచి నిలబడ్డారు. చదువుకున్నారు, బాప్తిస్మం పుచ్చుకున్నారు. అన్నగారేం చేశారు? చెల్లెలు చచ్చిపోయిందని చాటించి, పిండం పెట్టి, ఊరందరికీ భోజనాలు పెట్టారు. బతికున్న మనిషికి దినం!

ఈ సంగతి చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

“గారెలు బాగా కుదిరినాయట, వరాలూ! నా దినానికి నాకో రెండు పంపాల కాదేటి?”

వరాలంటే నేనే, వరహాలమ్మను. ఆ నవ్వు అమాయకత్వమని నేనూ చాలాకాలం పొరబడ్డాను. ఒక ఏడాది గాలివానకు బడి పైకప్పు ఎగిరిపోయింది. నేను తల పట్టుకు కూర్చుంటే ఆమె తడిసిన బల్లలు ఒక్కొక్కటీ ఎండకు ఈడుస్తూ, “గది సీకటని రోజూ గోలెట్టేవోళ్ళం గదే, ఇప్పుడు సూడు ఎంత ఎలుగో!” అన్నారు. “నాకే ఎందుకొచ్చినాదీ అని దేవుడ్ని అడక్కే గుంటా. ఇప్పుడేటి సెయ్యాలా అని అడుగు. దానికైతే ఆయన బదులు సెప్తాడు” అనేవారు. మధ్యాహ్నానికల్లా ఆకాశం కింద ఎక్కాలు మొదలయ్యాయి. ఆమె నిబ్బరం కష్టాన్ని చూడని నిబ్బరం కాదు. కష్టానికి కూర్చోమని పీట వెయ్యని నిబ్బరం.

వాళ్ళ అమ్మకు ప్రాణం మీదికొచ్చిందని తెలిసి ఇద్దరం నది దాటి వెళ్ళాం. అన్నగారు గుమ్మంలోనే అడ్డం నిలబడి, “సచ్చినోళ్ళకి ఈ ఇంట పనేటి నేదు” అని తలుపు వేశారు. ఆమె మాట తూలలేదు. దొడ్డివైపు వెళ్ళి, గోడకు ఆనుకుని, “అమ్మా, నానొచ్చినానే!” అని గొంతెత్తి పిలిచారు. లోపలినుంచి సన్నగా, “సింహాచలం” అని వినిపించింది. అంతే. రెండో పిలుపు రాలేదు.

తిరిగి వస్తూ నేను, వాళ్ళ గడ్డికుప్పకు నిప్పు పెట్టి వస్తానన్నాను.

“గడ్డికుప్ప ఏటి తప్పు సేసినాదే? ఎడ్లు ఏటి తింటాయి?” అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “అమ్మ నన్ను పేరెట్టి పిలిసినాది. అది నాకు సాలు.”

ఆమెకు చాలింది. నాకు చాలలేదు, ఈనాటికీ చాలదు.

చివరి జ్వరంలో నన్ను దగ్గరకు పిలిచి, “అన్నియ్య పుట్టింటి సీర తెస్తే కప్పనియ్యే” అన్నారు. ఆయన తెచ్చారు. శవపేటిక బడి అరుగుమీద ఉండగా, జరీ చీర పట్టుకుని, వెనకాల పదిమందితో వచ్చారు. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి, మా బడి ఉన్న క్రైస్తవ పేటలో ఓట్లున్నాయి. నేను అడ్డం నిలబడ్డాను.

“తప్పుకో వరహాలమ్మా. నా తోడబుట్టింది.”

“మీ తోడబుట్టిన దానికి ఎప్పుడో దినం సేసేసినారు గదండీ. ఊరంతా తిన్నారు. ఈవిడ మీకేటవుతాది?”

పాస్టరుగారు మెల్లగా, “క్షమించాలమ్మా” అన్నారు.

“సెమించమని మీ దేవుడు మీకు సెప్పినాడు బాబూ. నాకు సెప్పనేదు.”

చీర వచ్చిన దారినే పోయింది. ఆమె బడికి కట్టుకొచ్చే తెల్లచీరే ఆమెపై కప్పి మట్టి చేశాం. ఆమె ఆఖరి కోరిక కాదన్నాను. అందుకు నాకు విచారం లేదు. ఆ మహనీయురాలు ప్రభువు దగ్గర కూడా అన్నగారి కోసం సిఫారసు చేస్తూనే ఉంటారు. చెయ్యనివ్వండి. ఇక్కడ నేను బతికున్నంతకాలం ఈ పేటలో ఏ ఇల్లూ ఆ తలుపు సంగతి మరిచిపోకుండా చూసుకుంటాను.

ఆ సాయంత్రం గెలిచిన సంతోషంతో ఇంటికొచ్చాను. కూర్చున్న తర్వాత, “ఒలే, ఏటే ఆ నోరు!” అని కసరడానికి ఆమె వస్తారని గుమ్మంకేసి చూస్తూనే ఉన్నాను. దీపం పెట్టే వేళ దాటింది. నన్ను తిట్టడానికి ఎవరూ రాలేదు.