కొత్త తీగలతో అరకు

"పది రోజుల కిందట కొన్న తీగలు నిన్న సాయంత్రం ఇస్తావా మామ్మా? కుదురుకోడానికి వారం పడతాదని సెప్పానా లేదా?"

"కొత్త కోక పండగ పొద్దున్నే కడతారు. ముందే కట్టి నలిపేసుకుంటారేటే?"

"గిటారు తీగలు కోక కాదు. నైలాను. సాగిపోతాది."

ఎస్.కోట స్టేషన్లో ఎనిమిది దాటింది. నేనూ, నా మనవరాలు సంధ్యా ఇలా దెబ్బలాడుకుంటూనే అరకు బండెక్కాం. డుంబ్రిగుడ రోడ్డులో కొత్తగా పెట్టిన కాఫీ హోటల్లో శని, ఆదివారాలు పాడ్డానికి మనిషి కావాలన్నారు. మర్నాడు పదింటికి దీని పాట వింటారు. డిగ్రీ అయిన రెండేళ్లకి వచ్చిన మొదటి పిలుపు.

జనరల్ పెట్టెలో చోటు దొరికింది. ఇడ్లీలు ఇంటి నుంచే పట్టుకెళ్లాం, మీరూ అలాగే చెయ్యండి. సొరంగాలు మొదలయ్యాయి. సంధ్య గిటారు ఒళ్లో పెట్టుకుని, శ్రుతి చూపించే ముల్లు ఫోన్లో చూస్తూ మరలు తిప్పుతోంది. ఆరో తీగ సరిచేసేసరికి ఒకటోది దిగిపోతోంది. ఎదురుగా పసుపు మూటతో కూర్చున్న డుంబ్రిగుడ ఆమె చాలాసేపు చూసింది.

"ఎక్కిన కాడి నుంచి టింగు టింగు. పాట ఎప్పుడమ్మా, మేం దిగిపోయాకా?"

అందరూ నవ్వారు, సంధ్య తప్ప. నాకు కూర్చోబుద్ధి కాలేదు. తలుపు దాకా వెళ్లి వచ్చాను, మళ్లీ వెళ్లాను. బయట లోయలున్నాయి, నేను సరిగ్గా చూడలేదు.

పదకొండుకి అరకు. స్టేషనుకి నడిచే దూరంలో గది తీసుకున్నాం. దుప్పట్లు పల్చన.

అన్నం తిన్నాక గిటారు వైపు చూస్తే మా మంచం గుర్తొచ్చింది. కొత్త నైలాను నవారు కూడా అల్లిన నాలుగు రోజులూ జారుతుంది, లాగి లాగి బిగిస్తేనే నిలుస్తుంది. ఇలా తెమ్మన్నాను. ఒక్కో తీగనీ వేళ్లతో మెల్లగా పైకెత్తి లాగాను. శ్రుతి దిగింది. సంధ్య మర తిప్పి పైకి తెచ్చింది. మళ్లీ లాగాను. తెగిపోతుందని మొదట నా చెయ్యి పట్టుకుంది గానీ, నాలుగోసారికి తనే లాగింది. చీకటి పడేదాకా అదే పని. సన్న తీగ చుట్టిన లావువి మూడూ నిలిచాయి. ఒట్టి నైలానువి ఇంకా దిగుతూనే ఉన్నాయి.

మర్నాడు తొమ్మిదింటికే హోటలుకి వెళ్లి, పాడే చోటే కూర్చుని శ్రుతి చేసుకుంది. మొదటి పాట బాగా వచ్చింది. రెండో దాని మధ్యలో మూడో తీగ దిగింది. సంధ్య ఆగిపోయింది. యజమాని వాచీ చూసుకున్నాడు.

నేను లేచాను. "బాబూ, తప్పు మా మనవరాలు గుంటది కాదు. తీగలు పది రోజులు పెట్టెలో దాచింది నేను. ఇది సెప్పింది, నేనే ఇన్లేదు."

సంధ్య మర తిప్పి, ఆగిన చోటు నుంచే పాట ఎత్తుకుంది. అయ్యాక ఆయన, "రెండు వారాలు చూద్దాం. శనివారం నాలుగింటికి రామ్మా," అన్నాడు.

పదకొండుకి ఎస్.కోట బస్సెక్కాం.