శైలజ చెప్పిన మాట విన్నది

ఇరవై ఏళ్లుగా నా గుండెల మీద ఒక బండ ఉంది. మాది బేతంచెర్ల బండల వ్యాపారం, బండల బరువు నాకు బాగా తెలుసు, అందుకే ఆ మాట ఊరికే వాడటం లేదు. పగలు పనిలో పడితే కాస్త పక్కకు జరిగినట్టుంటుంది. ఎవరైనా పిల్లల్ని ఎక్కడికైనా తీసుకువెళ్తున్నామని అంటే చాలు, మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఇది చదివేవాళ్లు నన్ను ఎరగరు. ఎరగకపోవడమే మంచిది. ఎరిగినవాళ్ల ముందు నేను మంచి పెద్దకోడలిని. నలుగురూ అలాగే అంటారు. అన్నప్పుడల్లా తల వంచుకుంటాను. వాళ్లు దాన్ని అణకువ అనుకుంటారు.

ఆ వేసవి సెలవుల్లో రెండు కుటుంబాలం కలిసి బయలుదేరాం. కర్నూలు నుంచి మేము ముగ్గురం: నేను, మా ఆయన, పదేళ్ల మా కిరణ్. డోన్ నుంచి మా మరిది, తోడికోడలు పద్మ, వాళ్ల కూతురు శైలజ. శైలజకు అప్పుడు ఎనిమిదేళ్లు. బాడుగకు ఒక సుమో మాట్లాడుకున్నాం. ఒంటిమిట్టలో రాములవారి దర్శనం చేసుకుని, మర్నాడు గండికోటకు పోతూ దారిలో ఒక చిన్న మ్యూజియం దగ్గర ఆగాం. అది ఏ ఊళ్లోదో చెప్పను. అక్కడివాళ్ల తప్పు ఏమీ లేదు. తప్పంతా నాది.

పిల్లలకు నాలుగు విషయాలు తెలుస్తాయని మా ఆయనే లోపలికి తీసుకువెళ్లాడు. పాత దేవుళ్ల బొమ్మలు, తుప్పు పట్టిన కత్తులు, గోడ పొడవునా నిలబెట్టిన వీరగల్లులు. యుద్ధంలో చచ్చిపోయినవాళ్ల కోసం ఊళ్లలో పాతిన రాళ్లు అవి. ప్రతి రాయి కిందా చిన్న అట్ట మీద నాలుగు ముక్కలు రాసి ఉన్నాయి. శైలజ ఒక్కో అట్టా గట్టిగా చదువుతూ పోయింది. ఎక్కడా తడుముకోలేదు. అర్థం కానిచోట ఆగి పెదనాన్నను అడిగింది.

మా కిరణ్‌కు అప్పటికి తెలుగు సరిగ్గా చదవడం రాదు. రెండు ట్యూషన్లు పెట్టినా రాలేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆ రోజు మా ఆయన అన్నాడు. "చూడరా, నీకన్నా చిన్నది, ఎంత బాగా చదువుతాండాదో. నువ్వూ ఉండావు." మా మరిది నవ్వాడు. కిరణ్ తల కిందికి వాల్చేశాడు. వాడి చెవులు ఎర్రబడటం నేను చూశాను.

అప్పుడు నాకు ఎవరి మీద కోపం రావాలి? మా ఆయన మీద కదా. రాలేదు. ఆ పసిదాని మీద వచ్చింది. దాని జడల మీద, దాని పసుపు గౌను మీద, గంట మోగినట్టున్న దాని గొంతు మీద వచ్చింది.

ఇంతలో డ్రైవర్ వచ్చి టైరు పంక్చరైందన్నాడు. మగవాళ్లిద్దరూ బండితో పాటు పోయారు. పద్మకు ఎండకు తలనొప్పి పట్టింది. "అక్కా, పాపను సూసుకో. నేను ఆ చెట్టు కింద కాసేపు కూసుంటా" అని వెనకవైపు వేపచెట్టు నీడకు వెళ్లింది. నన్ను నమ్మి వెళ్లింది. ఆ మాట రాస్తుంటే నా చెయ్యి ఆగుతోంది.

కిరణ్ బయటికి పోదామని నా కొంగు లాగుతున్నాడు. శైలజ ఇంకా చివరి వరసలో రాళ్ల దగ్గరే ఉంది. "పెద్దమ్మా, ఈడ ఇంకా శానా ఉండాయి" అంది. నేను పళ్లు బిగించి అన్నాను: "అంత పెద్ద చదువరివి కదా, ఈడనే నిల్చుకొని అన్నీ చదువు. నేను వచ్చేదాకా ఈ రాయి కాడినుంచి కదలాకు."

దాని ముఖంలో వెలుగు పోయింది. నేను మెచ్చుకోవడం లేదని దానికి అర్థమైంది. "సరే పెద్దమ్మా" అంది.

కిరణ్‌ను తీసుకుని బయటికి వచ్చాను. రోడ్డు అవతల చెరకురసం బండి ఉంది. వాడికి రసం ఇప్పించాను. వాడు తాగుతుంటే వాడి జుట్టు నిమురుతూ నిలబడ్డాను. ఆ పిల్లను మరిచిపోయానని చెప్పగలిగితే ఎంత బాగుండేది! మరిచిపోలేదు. ఒక్కతే ఉండనీ, కాస్త భయపడనీ అనుకున్నాను. అంతేనా? అంతే. ఎనిమిదేళ్ల పిల్లను భయపెట్టి నేను ఏం సాధించాలనుకున్నానో ఇన్నేళ్లు ఆలోచించినా తేలలేదు. లేదా తేలింది, ఒప్పుకోవడానికి మనసు రాలేదు. నా కొడుకు తల వంచుకున్నాడు గనుక అది కూడా వంచుకోవాలి. అదే నేను కోరుకున్నది.

మ్యూజియం కాపలాదారు తలుపులు దగ్గరకు వేసి తాళం వెయ్యడం అక్కడినుంచే చూశాను. మధ్యాహ్నం భోజనానికి మూస్తారట. నాకు తెలియదు. కానీ చూశాను. పాప వాళ్లమ్మ దగ్గరికి పోయి ఉంటుందిలే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? అనుకుంటే నాకు సులువుగా ఉంటుందని అనుకున్నాను. అతను సైకిలెక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి చెట్టు వైపు నుంచి పద్మ వచ్చింది. "పాప యాడక్కా?"

నిజం చెప్పడానికి అదే సమయం. లోపల ఉందని ఒక్క మాట అంటే అయిపోయేది. ఎందుకు లోపల ఉందని పద్మ అడిగితే? నేనే ఉండమన్నానని చెప్పాలి. నా నోరు నాకంటే ముందు కదిలింది. "నా ముందరే బయటికి వచ్చెనే. నీకాడికి రాలేదా?"

ఆ అబద్ధం వల్ల ఎవరూ లోపల వెతకలేదు. అందరూ రోడ్డు మీద పడ్డారు. అది లారీలు వరసగా పోయే రోడ్డు. పద్మ చెప్పులు కూడా వేసుకోలేదు. కాలుతున్న తారు మీద పరుగెత్తుతూ, ఆగిన ప్రతి బస్సు దగ్గరా, "అన్నా, పసుపు గౌను ఏసుకున్న పాపను సూస్తిరా?" అని అడుగుతోంది. టైరు వేయించుకుని వచ్చిన మా మరిది సంగతి విని అక్కడే కూలబడ్డాడు. మళ్లీ లేచి, రోడ్డు పక్కన ఉన్న పాడుబావి వైపు పరుగెత్తాడు. బావిలోకి తొంగిచూసినప్పుడు ఆయన వీపు వణకడం నాకు అంత దూరానికీ కనిపించింది. నేను కూడా "శైలూ, శైలూ" అని అరుస్తూ తిరిగాను. పాప ఎక్కడుందో తెలిసి, లేనిచోటల్లా దాని పేరు పెట్టి పిలిచాను.

చివరికి నేనే అన్నాను, "ఎందుకైనా మంచిది, లోపల కూడా చూద్దామా?" అని. మా ఆయన పోయి కాపలాదారును ఇంటి నుంచి పిలుచుకొచ్చాడు. పాపం, అన్నం తింటున్నవాడు తింటున్నట్టే చెయ్యి కడుక్కుని వచ్చాడు.

తలుపు తీశారు. లోపల చీకటిగా ఉంది, ఉక్కగా ఉంది. చివరి వరసలో, నేను చెప్పిన ఆ రాయి పక్కనే శైలజ నిలబడి ఉంది. గౌను తడిసిపోయింది. కాళ్ల దగ్గర నేల కూడా తడిగా ఉంది. తలుపు దాకా వచ్చి కొట్టి ఉంటే రోడ్డున పోయేవాళ్లెవరైనా వినేవాళ్లు. రాలేదు. కదలవద్దన్నానని కదలలేదు.

పద్మ దాన్ని గట్టిగా వాటేసుకుంది. తర్వాత కొట్టింది. భయమంతా చేతుల్లోకి వచ్చినట్టు, వీపు మీద, చెంపల మీద కొట్టింది. "పెద్దమ్మ ఎంట పోకుండా ఈడేం జేస్తాండావే? సచ్చిపోయినావనుకుంటిమి గదే!" పాప ఏడవలేదు. నా వైపు చూసింది. నేనే చెబుతానని ఎదురుచూసింది. నేను చెప్పాను. "రమ్మంటి కదా పాపా. నువ్వే రాలేదు."

గండికోటకు పోలేదు. సుమోలో వెనక్కి వస్తుంటే శైలజ నా పక్కన కూర్చుంది. ముందు సీటులో పద్మ కళ్లు మూసుకుని ఉంది. అప్పుడు పాప నా చెవి దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, ఈడనే నిల్చుకో అన్యావు కదా?"

"లేదు పాపా. నా ఎంట రా అన్యా."

"కదలాకు అన్యావు కదా?"

"నువ్వు సరిగ్గా ఇనుకోలేదు."

అది చాలాసేపు ఆలోచించింది. కిటికీలోంచి చూస్తూ పెదవులు కదిలించింది, ఆ మాటలు మళ్లీ మళ్లీ గుర్తు చేసుకుంటున్నట్టు. తర్వాత నా వైపు తిరిగి, "అయితే నేనే ఇనుకోలేదేమో" అంది.

అది నన్ను నమ్మింది. తన చెవులకంటే నన్ను ఎక్కువగా నమ్మింది.

పాపను వదిలి రావడం ఒక తప్పు. వెతుకులాటలో అబద్ధం చెప్పడం ఇంకో తప్పు. కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఆ సుమోలో జరిగింది. ఒక పసిదాని జ్ఞాపకంలో చెయ్యి పెట్టి, నిజాన్ని తీసి, నా అబద్ధాన్ని పెట్టాను. ఆ తర్వాత ఎవరు ఏది చెప్పినా శైలజ రెండుసార్లు అడగడం మొదలుపెట్టింది. "ఈ గిన్నేనా? ఈ గిన్నే కదా?" బళ్లో టీచరు విసుక్కునేది. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

ఇంటర్ అయ్యాక శైలజకు తిరుపతిలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలి. మా ఇంట్లోనే అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. మా మరిది వద్దన్నాడు. "అంత చిన్న మ్యూజియంలోనే పెద్దోళ్ల మాట ఇనకుండా తప్పిపోయింది. తిరపతిలో ఎట్ల ఉంటాది?" అన్నాడు. నా చేతిలో కాఫీల పళ్లెం ఉంది. ఇప్పుడైనా చెప్పు అని లోపల ఎవరో నన్ను గుద్దుతున్నారు. నేను అందరికీ కాఫీలు ఇచ్చాను. శైలజ డోన్‌లోనే డిగ్రీ చదివింది. అది ముగియకముందే పెళ్లి చేశారు. ఆ మధ్యాహ్నం ఒక్కటే కారణమని నేను అనలేను. కారణం కాదని అనడానికి నాకు హక్కు లేదు.

ఈ ఎండాకాలం సెలవులకు శైలజ తన ఐదేళ్ల కూతురితో మా ఇంటికి వచ్చింది. కర్నూలులో మ్యూజియం చూపిద్దామని పిల్లను తయారుచేస్తోంది. నేను వాకిట్లో కూర్చుని ఉన్నాను. బిడ్డకు చెప్పులు తొడుగుతూ చెబుతోంది: "నా చెయ్యి వదలాకు. పెద్దోళ్ల మాట ఇనాల. మీ అమ్మ చిన్నప్పుడు ఇనుకోకుండా తప్పిపోయి ఎన్ని దెబ్బలు తినిందో తెలుసా?" నవ్వుతూ చెప్పింది. నా వైపు చూసి, "గుర్తుండాదా పెద్దమ్మా?" అంది.

నా అబద్ధం తర్వాతి తరానికి పోతోంది. నా కళ్ల ముందే, అంత ముద్దుగా.

"నువ్వు ఇన్యావు శైలూ" అన్నాను. "ఈడనే నిల్చుకో, కదలాకు అని నేనే చెప్పినా. నువ్వు ఇన్యావు. నేను అబద్ధం చెప్పినా."

ఆమె చేతిలో చెప్పు ఉండిపోయింది. తర్వాత, అలవాటు కొద్దీనో ఏమో, మళ్లీ అడిగింది. "నువ్వే చెప్పినావా? నువ్వే కదా?"

"నేనే."

"ఇన్నేండ్లు నా చెవులే మంచివి కావనుకున్యా పెద్దమ్మా."

నేను క్షమించమని అడగలేదు. అడిగితే, పెద్దమ్మను కదా అని ఆమె సరే అనేస్తుంది. అలా కూడా ఆమె దగ్గర ఏదో ఒకటి లాక్కున్నట్టే అవుతుంది. ఆమె రెండో చెప్పు తొడిగి, బిడ్డను చంకనెత్తుకుని లేచింది. "అమ్మకు నువ్వే చెప్పాల. నేను చెప్పను" అంది. ఆటో పిలుచుకుని ఇద్దరే వెళ్లారు. నన్ను రమ్మనలేదు. సాయంత్రం వచ్చి సంచి సర్దుకుంది. ఇంకా నాలుగు రోజులు ఉండాల్సింది, ఆ రోజే బండెక్కి డోన్‌కు వెళ్లిపోయింది. ఇంతవరకు ఫోన్ చెయ్యలేదు.

పద్మకు చెప్పాలి. మా ఆయనకు, మరిదికి, కిరణ్‌కు చెప్పాలి. బండ దిగిపోలేదు. కానీ ఇంతకాలం అందులో సగం శైలజ మోసిందని, తనది కాదని తెలియకుండానే మోసిందని ఇప్పుడు ఆమెకు తెలుసు. నాది నేను మోస్తాను. ఇన్నేళ్లలో మొదటిసారిగా, ఎక్కడా ఏదీ దాచకుండా, జరిగింది జరిగినట్టు ఇక్కడ చెప్పాను. ఇంతే.