నాలుగు తీగలూ ఇప్పనూనే

ఈ పొద్దున నేను ఫోన్‌లో ఎవరితోనో గొంతు చించుకుంటుంటే, మా తమ్ముడి కూతురు చెవి మిషన్ సర్దుకుంటూ, "మెల్లగ మాట్లాడు అత్తా, ఏంది ఆ లొల్లి!" అని కసిరింది. కోపం రాకపోగా కళ్ళు చెమర్చాయి. ఆ పిల్ల నోట ఒక్క మాట వినడం కోసం మేం మొక్కని దేవుడు లేడు.

నాలుగేళ్ళు నిండినా దానికి మాట రాలేదు. వెనక నిలబడి పళ్ళెం మోగించినా తిరిగి చూసేది కాదు. మా ఊరు మద్దేడులో అందరూ చెవుడని తేల్చేశారు. మా అమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "ఉరిమితే ఉలిక్కిపడ్తది. నా మనవరాలికి ఇనబడ్తది" అనేది. "మెరుపు చూసి ఉలిక్కిపడ్తదే అమ్మా" అని తమ్ముడు తల పట్టుకునేవాడు. చివరికి జగదల్‌పూర్ ఆసుపత్రిలో డాక్టర్లు ఒక పరీక్ష రాసిచ్చారు. తలకు నాలుగు తీగలు అంటించి చెవిలో టకటక చప్పుడు చేస్తే, మెదడు దాన్ని అందుకుంటోందో లేదో గీతల్లో తెలుస్తుందట. పిల్ల మాత్రం నిద్రపోవాలి. ఎంత పెద్ద చప్పుడుకీ గీత కదలకపోతే చెవి మిషన్ పెట్టినా పెద్దగా లాభం ఉండదని ముందే చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి తమ్ముడు సరిగ్గా అన్నం తినలేదు.

మా అమ్మేమో, పట్నం ప్రయాణం కదా అని, పిల్ల తలకు ఇప్పనూనె కారేలా పట్టించి, రెండు జడలు బిగించి తెచ్చింది. పరీక్ష చేసే అమ్మాయి పిల్ల నుదుటికి అంటించిన తీగ చివరి బిళ్ళ అంటించినట్టే జారిపోయింది. చెవి వెనకదీ దాని వెంటే. "ఇత్నా తేల్ క్యోం లగాయా, అమ్మా?" అని ఆ అమ్మాయి నెత్తి కొట్టుకుంది. ఇంత నూనె ఎందుకు పెట్టావంటోందని నేను చెప్పగానే అమ్మకు రోషం వచ్చింది. "పెద్ద దవాఖానకు పోరిని ఎండు నెత్తితోని తీస్కొస్తమా? మా మర్యాద ఏంగావాలె?" ఆ జవాబును మాత్రం నేను బాగా చల్లార్చి హిందీలోకి మార్చాను. పిల్లను నల్లా కింద కూర్చోబెట్టి షాంపూతో రుద్దాం, మళ్ళీ రుద్దాం. ఇప్పనూనె అంత తేలిగ్గా వదిలే రకమా! ఆసుపత్రి పైకప్పు లేచిపోయేలా ఏడ్చి ఏడ్చి, తువ్వాలు చుట్టగానే అది నాయనమ్మ ఒళ్ళో సోలిపోయింది.

ఈసారి బిళ్ళలు కదలలేదు. చిన్న చప్పుళ్ళకు తెరమీద గీతలు ఊరికే వణికాయి. చప్పుడు పెంచారు, ఏమీ లేదు. తమ్ముడు గోడవైపు తిరిగిపోయాడు. ఇంకా పెంచారు. అప్పుడు గీతలో ఒక మూపురం లేచింది. ఆ అమ్మాయి నమ్మకం కోసం మళ్ళీ పెట్టి చూసింది. అదే చోట, అదే మూపురం! "సున్ రహీ హై!" అంది నవ్వుతూ. పిల్లకు వినిపిస్తోందన్న ఆ మాటను అమ్మకు ఎవరూ తెలుగులో చెప్పక్కర్లేకపోయింది. "నేనేమన్న? ఉరుము ఇన్నదా లేదా? ఇంక ఎవడన్న చెవిటిదంటె నాలుక కోస్త!" అంది, పిల్ల లేస్తుందేమోనని గుసగుసగానే. తమ్ముడు ఏడుస్తూ నవ్వాడు. నేనూ అంతే. తను నూనె పట్టించబట్టే పిల్ల నిద్రపోయిందని అమ్మ తిరుగు ప్రయాణంలో బస్సంతా చాటింది.

ఆ టకటక చెవి నుంచి మెదడు చేరడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదని ఆ అమ్మాయి చెప్పింది. అక్కడి నుంచి ఆ సంగతి మా దాకా రావడానికి మాత్రం నాలుగేళ్ళు పట్టింది.