ఖాసిం సాబ్ స్కోరు పుస్తకం

తోలుకు కొబ్బరినూనె పట్టిస్తే ఒక వాసన వస్తుంది. అది పచ్చి తోలు వాసనా కాదు, తలనూనె వాసనా కాదు. ఈ ఎడారి దేశంలో, ఐన్ ఖాలిద్‌లో ఉండే మా అమ్మాయి ఇంటికి వచ్చిన మూడో రోజు సాయంత్రం మెట్లు దిగుతుంటే ఆ వాసన తగిలి నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కింది వాటాలో ఉండే ఫిలిప్పీన్స్ మనిషి రామోన్ గడప మీద కూర్చుని, ఒళ్ళో పెద్ద తోలు గ్లవ్ పెట్టుకుని బొటనవేలితో నూనె రుద్దుతున్నాడు. శుక్రవారాలు స్నేహితులతో కలిసి బేస్‌బాల్ ఆడతాడట. "దీనికి వేరే నూనె ఉంటుంది అంకుల్. దొరకలేదు, ఇంట్లో ఉన్నదే రాస్తున్నా" అన్నాడు సిగ్గుపడుతూ. ఇంతకంటే మంచి నూనె లేదని చెప్పాను. నలభై ఏళ్ళ కిందట ఇదే దేశంలో ఖాసిం సాబ్ కూడా ఇదే రాసేవారని మాత్రం చెప్పలేదు. అది చెబితే మిగతాదంతా చెప్పాలి.

ఖాసిం సాబ్‌ది మా జగిత్యాల పక్కనే. తహశీల్ ఆఫీసులో నకళ్ళు రాసిన మనిషి. చమురు ధర ఏటికేడు పెరుగుతున్న ఆ రోజుల్లో, పడమటి తీరాన మా డ్రిల్లింగ్ కంపెనీ క్యాంపులో స్టోర్ కీపర్‌గా ఉండేవారు. నేను ఆయన దగ్గర క్లర్కుని. ఆ కంపెనీలో అమెరికా ఇంజనీర్లు ఇసుక మీద ముడి చమురు చల్లించి, రోలర్ తొక్కించి, దుమ్ము లేవని మైదానం ఒకటి తయారు చేయించారు. అక్కడ బేస్‌బాల్ టీం పుట్టింది. ఆట ముగిసేసరికి తెల్ల బంతి గానుగలో పడి లేచినట్టు ఉండేది. మొదటి ఏడాది ఆడిన ప్రతి ఆటా ఓడారు. కంపెనీకి పట్టుదల పెరిగింది. జీతాలిచ్చి ఆటగాళ్ళను తెప్పించింది. పేరుకు వాళ్ళు డ్రిల్లింగ్ ఉద్యోగులు, చేసే డ్యూటీ మాత్రం ఆటే. మూడో ఏటికల్లా సముద్రం అవతలి కంపెనీలు కూడా మా టీంతో ఆడడానికి వచ్చేవి.

ఖాసిం సాబ్ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని స్కోరు పుస్తకం ఆయన చేతికిచ్చారు. ఆయనేమో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. చిర్రగోనె ఆడి పెరిగినవాణ్ణి, నాకు ఆ ఆట తలా తోకా అర్థమయ్యేది కాదు. మొదటి శుక్రవారం ఆయన "ఏం చూసినవ్ గంగారాం?" అని అడిగితే, "ఔటయిండు సాబ్" అన్నాను.

"అది నేనడగలె. బంతి ఎటు పోయింది? ఎవడు పట్టిండు? ఎవనికి ఇసిరిండు? చూసింది చెప్పు. ఏమైందో నేను రాసుకుంట."

ఆ ఆటలో ఒక్కో చోట కాచేవాడికి ఒక్కో నంబరు ఉంటుంది. పట్టాల్సిన బంతిని ఎవడైనా వదిలేస్తే, తప్పు అని గుర్తు పెట్టి పక్కన వాడి నంబరు వేయాలి. తప్పు ఎవరిదో తేల్చేది స్కోరు రాసేవాడే. ఖాసిం సాబ్ ఆ గుర్తు వేసే ముందు ఒక్క క్షణం కలం ఎత్తి పట్టుకునేవారు. తహశీల్ ఆఫీసు అలవాటు ఇంకొకటి కూడా ఆయన ఆ ఇసుకలోకి తెచ్చుకున్నారు. పేజీ కింద రెండు గీతలు గీసి, ఒకదాని పక్కన 'రాసినవారు', రెండోదాని పక్కన 'సరిచూసినవారు' అని తెలుగులో రాసేవారు. మొదటిది ఆయన సంతకానికి, రెండోది నాకు. ఆట అయిపోయాక, కుర్చీలోంచి లేవకముందే ఇద్దరం సంతకాలు చేయాలి. ఒకసారి నేను రేపు చేస్తానంటే తల అడ్డంగా ఊపారు. "చూసిన దినమే పెట్టాలె. రేపు పెడితే అది సాక్ష్యం గాదు, సర్దుబాటు."

లచ్చన్న ఆ టీంలోకి వచ్చింది నాలుగో ఏడు. మెట్‌పల్లి వైపు మనిషి, మా క్యాంపులో స్కాఫోల్డింగ్ పని చేసేవాడు. మైదానం బయట పడ్డ బంతిని పైపుల గుట్ట మీద నుంచి విసిరితే అది నేరుగా వెళ్ళి ఒక అమెరికా దొర చేతిలో పడింది. ఆ వారం నుంచే అతనికి నంబరు అయిదు ఇచ్చారు, మండుటెండలో ఇనుప గొట్టాలు ఎక్కే పని తప్పించి వర్క్‌షాపు నీడలోకి మార్చారు. మా క్యాంపంతా పండగ చేసుకుంది. అతని మొదటి ఆటలో ఖాసిం సాబ్ నీళ్ళు తాగడానికి లేచినప్పుడు పుస్తకం నా చేతికిచ్చారు. లచ్చన్న కొట్టిన తేలిక బంతిని అవతలివాడు వదిలేస్తే, ఆ తప్పును లచ్చన్న గొప్పతనంగా రాసేశాను. ఆయన వచ్చి చూసి చెరపలేదు. నేను రాసినదాని మీద ఒక గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన సంతకం చేశారు.

"మనోడే గద సాబ్" అన్నాను.

"మనోడని ఇయ్యాల ఎక్కువ రాస్తవ్. రేపు మనోడు గాదని ఇంకొకనికి తక్కువ రాస్తవ్. ఒక్కటే చెయ్యి గదా రెండూ రాసేది?"

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆయన పట్టించుకోకుండా నా గ్లాసులో చాయ్ పోస్తూనే ఉన్నారు.

ఆ ఏడాది చివరి ఆట సముద్రం అవతలి వాళ్ళతో. టీం చరిత్ర పుస్తకంగా అచ్చు వేయిస్తామని కంపెనీ అప్పటికే ప్రకటించింది. మొదటి మూల కాచేది మా సూపరింటెండెంట్, నంబరు మూడు. మా వాళ్ళు ఎర్ర దొర అనేవాళ్ళు. ఆ ఏడాది ఆయన పేరు పక్కన ఒక్క తప్పూ లేదు. స్కోరు సమానంగా ఉంది, ఆఖరి బంతులు. కొట్టిన బంతి నేల మీద దొర్లుతూ లచ్చన్న దగ్గరికి వచ్చింది. వంగి అందుకుని విసిరాడు. బంతి సూటిగా దొర గ్లవ్‌లో పడింది. పడి, జారి కింద పడింది. ఈలోగా అవతలివాడొకడు మూలలన్నీ చుట్టి వచ్చి పరుగు సాధించాడు, మేం ఓడాం.

ఖాసిం సాబ్ కలం ఎత్తి పట్టుకున్నారు. "ఏం చూసినవ్?"

"చేతిల పడ్డది సాబ్. దొర ఇడిసిపెట్టిండు."

ఆయన తప్పు గుర్తు వేసి, పక్కన మూడు రాసి, కింద సంతకం చేశారు. పుస్తకం నాకు ఇవ్వబోతుండగా దొర వచ్చి మా ముందు నిలబడ్డాడు. బంతి వంకరగా వచ్చిందనీ, తప్పు అయిదో నంబరుదనీ, మార్చమనీ అన్నాడు. ఖాసిం సాబ్ లేచి నిలబడి, "సారీ సర్, అలా జరగలేదు" అన్నారు. అప్పుడు దొర నా వైపు తిరిగి నువ్వేం చూశావని అడిగాడు.

నా సెలవు కాగితం ఆయన టేబుల్ మీదే ఉంది. ఇంటి దగ్గర నా భార్య ఆడపిల్లను కన్నది, బిడ్డకు ఏడు నెలలు. నేనింకా మొహం చూడలేదు. ఆ కాగితం మీద ఆయన సంతకం పడితే నేను ఊరికి, పడకపోతే మళ్ళీ ఏడాదికి.

"కండ్లల్ల ఎండ పడ్డది సర్. నాకు కనబడలె" అన్నాను.

లచ్చన్న నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. గ్లవ్ తీసి బెంచీ మీద పెట్టాడు. ఖాసిం సాబ్ పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు. రెండో గీత మీద సంతకం పెట్టమని నన్ను అడగలేదు.

తర్వాత జరిగింది చాలా మామూలుగా జరిగింది. సాక్షి లేడు గనక దొర మాటే అచ్చయింది. రంగు బొమ్మల చరిత్ర పుస్తకంలో 'స్కాఫోల్డర్ విసిరిన చెడ్డ బంతి వల్ల ఓడాం' అని ఒక వాక్యం ఉంది. లచ్చన్న తిరిగి ఇనుప గొట్టాల మీదికి వెళ్ళాడు. ఖాసిం సాబ్ కాంట్రాక్టు గడువు ముగిశాక పొడిగించబోమన్నారు. నా సెలవు మాత్రం మంజూరైంది. నేను బయలుదేరే రోజు ఆయన స్టోర్‌లో గ్లవ్‌లకు నూనె రాస్తున్నారు. తిట్టినా బాగుండేది. స్కోరు పుస్తకాన్ని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు.

"ఈడ ఉంటే చింపుతరు. నువ్వు దీసుకపో."

"నాకెందుకు సాబ్? నేను..."

"నువ్వు చూసినవ్ గంగారాం. అది నాకు తెల్సు, నీకు తెల్సు. పో, బిడ్డను చూస్కో."

నేను తిరిగి వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయారు. మళ్ళీ చూడలేదు. కొన్నేళ్ళకు చమురు ధర పడిపోయింది, అమెరికా వాళ్ళు సర్దుకున్నారు, టీం ఎత్తేశారు. మైదానంలో పైపులు పేర్చారు. నేను సేఫ్టీ పనిలోకి మారి ముప్పై ఏళ్ళు చేశాను. ఎవరైనా కింద పడితే, బెల్టు పెట్టుకోలేదని రాయమని ఫోర్‌మన్ చెవిలో ఊదేవాడు. నేను చూసింది రాసి, అక్కడే నిలబడి సంతకం చేశాకే కదిలేవాణ్ణి. అందుకు రెండు కంపెనీలు నన్ను వదిలించుకున్నాయి. నేనేదో ధర్మరాజునని కాదు. ఆ ఖాళీ గీత నన్ను వదల్లేదు.

ఎక్కడికి వెళ్ళినా ఆ పుస్తకం నా పెట్టెలో ఉంటుంది. "మందులన్న మర్సిపోతడు గని అది మర్వడు" అని మా ఇంటిది దెప్పుతుంది. నూనె వాసన తగిలిన మర్నాడు దాన్ని కిందికి తీసుకెళ్ళి రామోన్ ముందు తెరిచాను. ఎవరిదో, ఎప్పటిదో ఆట. వేలు పెట్టి గడులు చదువుకుంటూ పోయాడు. ఆఖరి గడి దగ్గర ఆగాడు. "అయిదు చక్కగా విసిరాడు. మూడు వదిలేశాడు. అయ్యో" అన్నాడు. తర్వాత పేజీ కిందికి చూసి, ఈ గీత ఖాళీగా ఉందేమని అడిగాడు.

"అక్కడ నా సంతకం ఉండాలి."

"ఆ రోజు మీరు లేరా?"

"ఉన్నాను. చూశాను" అన్నాను.

రామోన్ జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు. వద్దన్నాను. ఆ దినం దాటిపోయింది. పుస్తకం గుడ్డలో చుట్టుకుని మెట్లెక్కాను. మా అమ్మాయి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. నా చేతిలో మూట చూసి, "ఇన్నేండ్ల సంది మోస్తున్నవ్, ఏమున్నది బాపూ అండ్ల?" అని అడిగింది.

"నిన్ను మొదటిసారి చూడనీకి నేను ఏం చేసి వచ్చిన్నో ఉన్నది బిడ్డా" అన్నాను. "కూసో, చెప్త."