ఉబ్బిన వేలు, బిగుసుకున్న మెట్టె

నాకప్పుడు ఎనిమిదో నెల. చివరి మూడు నెలల్లో ఒంటికి నీరు పట్టి పాదాలు ఉబ్బుతాయని చింతాద్రిపేట లైబ్రరీలో చదివి ఇంట్లో అందరికీ వివరించాను. నా కాళ్లు పుస్తకాన్ని తు.చ. తప్పక పాటించాయి. కుడికాలి మెట్టె బిగుసుకుపోయి, వేలు వంకాయ రంగుకు తిరిగింది. సబ్బుకూ నూనెకూ లొంగలేదు. ఇక కోయించాల్సిందేనన్నాను.

“మెట్టె కోస్తే మొగుడికి కీడు. నీ బుక్కులో అది రాసుండలేదా?” అన్నారు అత్తగారు.

“ఏందిమా, ఈ కాలంలో కూడా!” అని మావారు నవ్వేసి, మా ఇద్దరినీ ఆటోలో టి. నగర్‌లోని ఒక వెండి కొట్టుకు తీసుకెళ్లారు.

కొట్టాయన నా కాలు స్టూలు మీద పెట్టించి కట్టర్ తీశాడు. బేరాలు మానేసి జనం మూగారు. కట్టర్ మెట్టెను తాకగానే మావారు కేక పెట్టారు.

“అన్నా, ఒక్క నిమిషం! ముందుగా పక్క వేలికి కొత్తది తొడిగి, ఆమీట పాతది కొయ్యి.”

“ఎడమకాలికి ఒకటి ఉండాది కదండీ?” అన్నాను.

“ఉండనీ. రిస్కు ఎందుకు?”

కొత్తది తొడిగాక పాతది టక్కున తెగింది. మావారు కళ్లు మూసుకున్నారు. అత్తగారు ఆయన గుండె మీద చెయ్యేసి, “బాగుండావా నాయనా?” అన్నారు. కొట్టాయన ఆయనకు మంచినీళ్లిచ్చాడు. నా వేలి సంగతి అడిగినవాళ్లు లేరు. ఎనిమిదో నెల బిడ్డకు బయటి శబ్దాలు వినిపిస్తాయట. ఆ గోల విని కాబోలు, గట్టిగా ఒక తన్ను తన్నింది.

తల్లికీ బిడ్డకూ వచ్చే మార్పులు పుస్తకాల్లో వివరంగా ఉన్నాయి. తండ్రికి వచ్చేవి కూడా ఎవరైనా రాస్తే, మొదటి కాపీ మా ఇంటికే కావాలి.