రూంలో వదిలేసిన గాలి పంపు

డెబ్బైల్లో, ఒమన్‌లో సలాలా వెళ్లే మట్టిరోడ్డు మీద నన్ను పికప్‌లో ఎక్కించుకున్నది కరీంనగర్ వైపు డ్రైవరు. పేరు అడగలేదు. ఆ పెద్ద అమెరికా బండి పెట్రోలు తాగుడు తగ్గించడానికి అతను చేయని పని లేదు. ఎదురుగాలి బండిని వెనక్కి లాగకుండా వెనక తొట్టి మీద తార్పాలిన్ బిగించాడు. టైర్లలో గాలి రాయిలా కొట్టించాడు. బరువని స్టెప్నీ కూడా తీసేశాడు.

మధ్యాహ్నం ఇసుకలో దిగబడ్డాం. కదలాలంటే టైర్లలో కొంత గాలి తీసి, అవి ఇసుక మీద వెడల్పుగా పరుచుకునేలా చేయాలి. మెత్తబడ్డ టైర్లతో పోతే ఉన్న పెట్రోలు బంకు దాకా రాదు.

"మళ్లీ కొట్టుకోడానికి పంపు ఉందిగా?" అన్నాను.

"బరువైతదని రూంలనే పెట్టొచ్చిన అన్నా," అని స్టీరింగు మీద తల వాల్చేశాడు.

చివరికి గాలి తీశాడు. ఇసుక దాటాం గానీ కొంతదూరం పోయాక పెట్రోలు అయిపోయి ఇంజను ఆగిపోయింది. అతను తార్పాలిన్ విప్పి నాకు నీడ కట్టి, తను ఎండలో రోడ్డు మీద నిలబడ్డాడు. పొద్దు వాలుతుండగా ఒక లారీ వచ్చింది. ఒక్కరికే చోటుంది.

"నువ్వెక్కన్నా. బండి ఇడిసిపెడితే కంపెనీ ఊకోదు. బంకుల నా సంగతి చెప్పు."

ఎక్కాను. చాలా దూరం పోయాక చూసుకున్నాను, మా ఇద్దరికీ ఉన్న ఒక్క నీళ్ల డబ్బా నా ఒళ్లోనే ఉంది.

లారీ వెనక్కి తిప్పమని నేను అడగలేదు.